వేడి చేస్తే ముల్లు ఎటు తిరుగుతుంది: లోహాల పెట్టె డైరీ

ఏప్రిల్ చివర

బెంగళూరు కుందలహళ్లిలో మా అపార్ట్‌మెంటు పిల్లలకు ఆదివారం పూట తెలుగు తరగతి నడుస్తుంది. చదవడం, రాయడం అయ్యాక చివరి అరగంట సైన్సుకి వదులుతారు. ఆ అరగంట బాధ్యత నాది. ఈ వేసవి సెలవుల్లో వాళ్ల కోసం ఒక పెట్టె తయారు చేస్తున్నాను. మూత తీస్తే మూలకాల ముక్కలు వరసగా ఉండాలి. పిల్లలు వాటిని పట్టుకుని, గీకి, వంచి, కరెంటు పారించి చూసి, ఏది లోహం, ఏది అలోహం, ఏది అర్ధలోహం అని తమంతట తామే తేల్చుకోవాలి.

పాఠ్యపుస్తకంలో దీనికో పట్టిక ఉంది. లోహాలు మెరుస్తాయి, కొడితే మోగుతాయి, రేకులుగా సాగుతాయి, తీగలుగా లాగొచ్చు, వేడినీ విద్యుత్తునీ పోనిస్తాయి. అలోహాలకు ఇవేవీ ఉండవు. అర్ధలోహాలు రెంటికీ మధ్యస్థం. అంతవరకూ బాగానే ఉంటుంది, ఆ వెంటనే మినహాయింపులు మొదలవుతాయి. పాదరసం లోహమే గానీ ద్రవం. సోడియం లోహమే గానీ చాకుతో కోయొచ్చు. అయోడిన్ అలోహమే గానీ మెరుస్తుంది. గ్రాఫైట్ అలోహమే గానీ కరెంటు పోనిస్తుంది. వజ్రం అలోహమే గానీ వేడిని రాగి కన్నా దాదాపు 5 రెట్లు బాగా మోస్తుంది.

తొమ్మిదో తరగతికి వచ్చిన మా మేనకోడలు ఇవన్నీ గడగడా అప్పజెబుతుంది. "మరి గ్రాఫైట్‌ని లోహం అని ఎందుకనకూడదు?" అని అడిగాను. "పుస్తకంలో అలోహం అని ఉంది కదా మావయ్యా" అంది. తప్పు ఆ పిల్లది కాదు. ప్రతి గుణానికీ ఒక 'తప్ప' తగిలించాల్సి వస్తోందంటే, ఆ గుణాలు పైపైవని అర్థం. వాటి వెనక ఉన్న అసలు తేడా ఎలక్ట్రాన్లది. ఆ తేడాని పిల్లలు కళ్లతో చూడగలిగే పరీక్ష ఒకటి ఉంది: ముక్కని వేడి చేసి, దాని విద్యుత్ నిరోధం పెరిగిందా, తగ్గిందా అని చూడడం. ఈ పెట్టెలో మిగతావన్నీ ఉంటాయి గానీ, పెద్దపీట ఈ పరీక్షకే.

మే మొదట్లో, ముక్కల సేకరణ

సగం సరుకు ఇంట్లోనే దొరికింది. రాగి తీగ, ఇనుప మేకు, అల్యూమినియం రేకు, పెన్సిలు ములుకు. టార్చిలైటులో వేసే జింక్-కార్బన్ సెల్లు ఒక్కటి విప్పితే ఒక లోహం, ఒక అలోహం వస్తాయి: బయటి డబ్బా జింకు, నడిమి కడ్డీ కార్బన్. గ్లవుజులు వేసుకుని, లోపలి నల్లపొడి, అంటే మాంగనీస్ డయాక్సైడు, పాత పేపరు మీదే రాలేలా విప్పాలి. ఆల్కలైన్ అని రాసి ఉన్న సెల్లు జోలికి మాత్రం పోకూడదు. అందులో కాస్టిక్ పొటాష్ ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది.

గంధకం చిక్‌పేట వైపు మూలికల కొట్టులో గడ్డలుగా దొరికింది. నర్సరీల్లో తెగులుకి అమ్మే గంధకం పొడిలో నీటిలో కలవడానికి వేరే పదార్థాలు కలుపుతారు, మన పనికి గడ్డే మంచిది. సీసం టైర్ల షాపు వాళ్లు ఇచ్చారు, పాత కార్ల చక్రాల నుంచి తీసిన బాలెన్సింగు ముక్క. దాన్ని పారదర్శకమైన కవర్లో పెట్టి అంచులు అతికించేశాను. సీసం పిల్లల చేతికి నేరుగా తగలకూడదు.

అసలు కష్టం అర్ధలోహాల దగ్గరే. మామూలుగా ఈ గుంపులో చెప్పేవి ఆరు: బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, ఆంటిమొని, టెల్లూరియం. ఆర్సెనిక్ విషం, దాని ప్రసక్తే లేదు. ఆంటిమొని, టెల్లూరియం కూడా పిల్లల చేతుల్లో పెట్టేవి కావు. సిలికాన్ గడ్డ ఒకటి ల్యాబు సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ఆన్‌లైన్లో తెప్పించాను. జెర్మేనియం కోసం ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డు ఉండనే ఉంది.

మెరుపు, మోత, వంపు

ముందు పుస్తకంలోని పరీక్షలన్నీ వరసగా పెట్టాను. పిల్లలకు పట్టిక ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో వాళ్ల చేతులతోనే తెలియాలి.

మెరుపు పరీక్షలో సిలికాన్ గడ్డ అందరికన్నా ముందు నిలిచింది. బూడిదరంగు అద్దంలా తళతళలాడుతుంది. పక్కన పెట్టిన సీసం ముక్క మసిబారి ఉంది. చాకుతో గీకితే లోపల మెరుస్తుంది గానీ గాలి తగిలి ఆ మెరుపు మెల్లగా పోతుంది. చూపుతో తీర్పు చెప్పాలంటే సిలికాన్ లోహం, సీసం కాదు.

మోత దగ్గరా అంతే. కంచు గంట మోగింది, ఉక్కు స్పానరు దారానికి వేలాడదీసి కొడితే మోగింది. సీసం మీద కొడితే 'దబ్' అని ఊరుకుంది. మెత్తటి లోహం లోపలే కదలికను మింగేస్తుంది కాబట్టి మోత పైకి రాదు.

వంపు పరీక్ష మాత్రం చాలా బాగా పనిచేసింది, దాన్ని తక్కువ చేసి చెప్పను. రాగి, అల్యూమినియం, జింకు, సీసం అన్నీ సుత్తి దెబ్బకు చదునయ్యాయి. గుడ్డలో చుట్టి తడితే గంధకం పొడిపొడి అయింది. సిలికాన్ చిన్న ముక్క అప్పడంలా పగిలింది, అంచులు గాజుపెంకులంత పదును. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. లోహంలో పరమాణువుల మధ్య బంధానికి ప్రత్యేకమైన దిక్కు ఉండదు, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు అన్నిటినీ కలిపి పట్టుకుంటాయి. అందుకే ఒక పొర ఇంకో పొర మీద జారినా ముక్క విడిపోదు. సిలికాన్‌లో ప్రతి పరమాణువూ నాలుగు పొరుగు పరమాణువులతో నిర్ణీత దిక్కుల్లోనే బంధం వేసుకుంటుంది. ఆ దిక్కు తప్పితే బంధం తెగడమే. ఇక్కడ కూడా కథ ఎలక్ట్రాన్ల దగ్గరికే వచ్చింది చూడండి.

వేడి ప్రవాహం గురించి ఒక్క మాట. సిలికాన్ ఇనుము కన్నా బాగా వేడిని మోస్తుంది. మీటరుకి, డిగ్రీకి ఇనుము సుమారు 80 వాట్లు, సిలికాన్ సుమారు 150. స్టెయిన్‌లెస్ స్టీలు 15 దగ్గరే ఆగిపోతుంది. వంటింటి స్టీలు గరిటె ఈ విషయంలో సిలికాన్‌కి పదో వంతు. కాబట్టి వేడిని మోయడాన్ని బట్టి కూడా గుంపులు కట్టలేం.

ఒక శనివారం, ఎస్పీ రోడ్డు

జెర్మేనియం ఇవాళ కొత్త సరుకులో దాదాపు కనపడదు. పాత రేడియోల విడిభాగాలు పెట్టుకున్న కొట్టే వెతకాలి. ఒక పెద్దాయన డబ్బాలో చెయ్యి పెట్టి ఓఏ79 డయోడ్లు, అంటే కరెంటుని ఒక దిక్కులోనే పోనిచ్చే జెర్మేనియం భాగాలు, తీసి ఇచ్చారు. "ఇవి అడిగేవాళ్లు ఇప్పుడెవరున్నారు సార్" అంటూనే, గాజు ఒళ్లు పగలకుండా ఒక్కోదాన్నీ స్పాంజిలో గుచ్చి కట్టారు.

ఈ ఊళ్లో ఈ మూలకానికి చరిత్ర ఉంది. 1954లో జాలహళ్లిలో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్, 1962లో జెర్మేనియం పరికరాల తయారీకి దిగింది. ట్రాన్సిస్టర్ రేడియో మన ఇళ్లకు వచ్చిన కాలం అది. ఆ తర్వాత సిలికాన్ వచ్చి జెర్మేనియాన్ని పక్కకు నెట్టింది. కారణాల్లో ఒకటి, జెర్మేనియం వేడికి తట్టుకోలేదు. సరిగ్గా ఆ బలహీనత కోసమే నేను దాన్ని కొనుక్కొచ్చాను.

ఇంకో సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి. 1871లో మెండలీఫ్ తన మూలకాల పట్టికలో సిలికాన్ కింద ఒక ఖాళీ చూపించి, ఇక్కడ పరమాణు భారం 72, సాంద్రత 5.5 ఉన్న మూలకం ఉండి తీరాలి అన్నాడు. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో క్లెమెన్స్ వింక్లర్ ఆర్గిరొడైట్ అనే ఖనిజంలో దాన్ని పట్టుకున్నాడు. కొలిస్తే భారం 72.6, సాంద్రత 5.35. ఎవరూ చూడని పదార్థం బరువు ముందే చెప్పడం! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రాగి చుట్ట

మామూలు రాగి తీగ ముక్క నిరోధం, దాన్ని కొలిచే మల్టీమీటరుకి అందదు, సున్నాకి దగ్గరే చూపిస్తుంది. పొడవుగా, సన్నగా ఉన్న తీగ కావాలి. మారతహళ్లి దగ్గర మోటారు వైండింగు షాపు నడిపే పలమనేరు అతన్ని 40 గేజి ఎనామిల్ తీగ అడిగాను. "ఇంత సన్నతీగతో ఏం జేస్తావన్నా? ఫ్యానుకి గూడా పనికిరాదే" అన్నాడు. సంగతి చెబితే డబ్బు వద్దన్నాడు, వాళ్లబ్బాయిని కూడా తరగతికి పంపుతానన్నాడు.

30 మీటర్లు ప్లాస్టిక్ గొట్టం మీద చుట్టి, కొనల ఎనామిల్ గీకి, సోల్డరు చేశాను. చుట్టని జిప్ కవర్లో పెట్టి ముందు మంచునీళ్లలో, తర్వాత గది వేడిలో, తర్వాత వేడినీళ్లలో ఉంచి కొలిచాను. 0 డిగ్రీల దగ్గర 39.8 ఓములు, 25 దగ్గర 44, 80 దగ్గర 53.3. లెక్క వేస్తే డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుదల. పుస్తకాల్లో రాగికి ఇచ్చిన విలువ కూడా అదే. వంటింటి గిన్నె, పాత మీటరుతో ఇంత దగ్గరగా రావడం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

జెర్మేనియం

డయోడ్‌ని తిరగేసి, అంటే కరెంటు వెళ్లనివ్వని దిక్కులో కొలవాలి. ఆ దిక్కులో కారే కొద్దిపాటి కరెంటు, జెర్మేనియంలో వేడి వల్ల విడుదలైన ఎలక్ట్రాన్ల వల్లే వస్తుంది. దీని ఒళ్లు గాజు కాబట్టి వెలుతురు పడితే కూడా రీడింగు మారుతుంది. నల్ల టేపు చుట్టేశాను. పొడి పరీక్షనాళికలో పెట్టి, నాళికని వేడినీళ్లలో దించాను.

గది వేడిలో 480 కిలో ఓములు. నీళ్లు 60 డిగ్రీలకు చేరేసరికి 60 కిలో ఓముల లోపు. ఎనిమిదో వంతు! రాగి ఇంతే వేడికి వందకి పదమూడో పద్నాలుగో పెరుగుతుంది. ఇది దిక్కు మార్చడమే కాదు, పరుగెత్తింది. నాళికలోంచి తీసి వేళ్లతో పట్టుకుంటే చాలు, ఒంటి వేడికే అంకెలు దిగుతుంటాయి. పిల్లలకు చూపించాల్సింది ఇదే.

బల్బు

అటక మీద పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఉంది. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే 40 ఓములకు కాస్త అటూఇటూ. 230 వోల్టుల మీద 100 వాట్లు ఖర్చు చేయాలంటే నిరోధం 529 ఓములు ఉండాలి, ఇది బడి లెక్కే. అంటే టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల దగ్గరికి వేడెక్కినప్పుడు నిరోధం 13 రెట్లయింది. స్విచ్చు వేసిన క్షణాన్నే బల్బులు ఎక్కువగా మాడిపోవడానికి కూడా ఇది కారణం. తీగ చల్లగా ఉన్న ఆ మొదటి క్షణంలో దూసుకొచ్చే కరెంటు మామూలు కన్నా ఎన్నో రెట్లు.

టంగ్‌స్టన్ రాకముందు, 1879లో ఎడిసన్ వెలిగించిన బల్బులో తీగ కార్బన్‌ది. కార్బన్ తంతువు నిరోధం వేడెక్కితే సుమారు సగానికి పడిపోతుంది. ఒకే పని, ఒకే గాజుబుడ్డి, ఒకటి లోహం, ఒకటి అలోహం, రెండూ ఎదురుబొదురు దిక్కులకు నడుస్తాయి. నాకు తెలిసి ఈ పాఠానికి ఇంత చక్కటి ఉదాహరణ ఇంకోటి లేదు, పాఠ్యపుస్తకం పట్టికలో దీనికి చోటెందుకు లేదో అర్థం కాదు.

ఎందుకిలా

పెట్టె మూత లోపలివైపు అతికించడానికి రాసుకున్నది ఇక్కడా రాస్తున్నాను.

రాగిలో ప్రతి పరమాణువూ దాదాపు ఒక ఎలక్ట్రాన్‌ని ముందే వదిలేసి ఉంటుంది. ఘన సెంటీమీటరు రాగిలో తిరిగే ఎలక్ట్రాన్లు ఎన్ని అంటే 85 పక్కన 21 సున్నాలు. వేడి చేస్తే ఈ సంఖ్య పెరగదు, ఇవ్వాల్సింది ముందే ఇచ్చేసింది. పెరిగేది పరమాణువుల కదలిక. అది ఎలక్ట్రాన్లకు అడ్డుపడుతుంది, నిరోధం పెరుగుతుంది.

శుద్ధమైన సిలికాన్‌లో ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో చిక్కుకుని ఉంటాయి. గది వేడిలో సుమారు 5 లక్షల కోట్ల పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్ బయటపడి ఉంటుంది. జెర్మేనియంలో బంధం వదులు, సుమారు 200 కోట్లకు ఒకటి. వేడి చేస్తే బయటపడేవి గుంపులు గుంపులుగా పెరుగుతాయి. పరమాణువుల కదలిక అడ్డు ఇక్కడా ఉంది, కానీ ఈ పెరుగుదల ముందు అది లెక్కలోకి రాదు. నిరోధం కూలిపోతుంది. సిలికాన్ డయోడ్ బదులు జెర్మేనియం డయోడ్ ఎందుకో కూడా ఈ రెండు అంకెల్లోనే ఉంది. సిలికాన్‌లో కారే కరెంటు నా మీటరు చూడగలిగే దానికన్నా చాలా తక్కువ.

గంధకంలో బంధాలు ఎంత గట్టివంటే, మరిగే నీటి వేడికి బయటపడే ఎలక్ట్రాన్లు ఏమీ లేనట్టే. మీటరు ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది: పరిధి దాటింది.

సిలికాన్ గడ్డ సంగతి

పెట్టెలో ఇంత అందంగా మెరిసే సిలికాన్ గడ్డ ఉండగా దాన్నే వేడి చేయొచ్చు కదా అని తరగతిలో ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఆ గడ్డ శుద్ధి 99 శాతం దగ్గర. మన కళ్లకు అది చాలా శుభ్రం, సిలికాన్‌కి కాదు. అందులో మిగిలిన అల్యూమినియం లాంటి మలినాలు చాలు, దాని నడవడి మొత్తం మారిపోతుంది. సోలార్ సెల్లులో సిలికాన్‌ని చాలా శుద్ధి చేశాక, కావాలనే సుమారు 50 లక్షల పరమాణువులకు బోరాన్ లాంటి వేరే మూలకం పరమాణువుని ఒకటి కలుపుతారు. అంత చిటికెడుతోనే కరెంటుని మోసేవాటి సంఖ్య సుమారు 10 లక్షల రెట్లవుతుంది. అలా వచ్చినవన్నీ గది వేడికే విడుదలై ఉంటాయి కాబట్టి, ఇంకాస్త వేడి చేస్తే కొత్తగా వచ్చేవి ఉండవు. నిరోధం లోహంలో లాగా కొద్దిగా పెరుగుతుంది కూడా. వందల డిగ్రీలు దాటాకే సిలికాన్ తన సొంత నడక చూపిస్తుంది.

అందువల్ల గడ్డ మెరుపుకీ, పెళుసుకీ మాత్రమే. పైగా మీటరు కొనలు గట్టిగా నొక్కితే ఒక అంకె, మెల్లగా ఆనిస్తే ఇంకో అంకె వస్తుంది. అలాంటి కొలత పిల్లల చేతికి ఇవ్వను. అర్ధలోహం తరఫున ముల్లు తిప్పే పని జెర్మేనియానిదే.

మే నడిమి, సర్క్యూటు

మీటరు మీద అంకెలు మారడం పెద్దవాళ్లకు చాలు. పిల్లలకు ముల్లు తిరగాలి. ఆర్డ్యూనో యూనో అనే చిన్న కంప్యూటరు బోర్డు, చెప్పిన కోణానికి తిరిగే ఒక చిన్న సర్వో మోటారు, దాని మీద అట్టతో చేసిన ముల్లు. ముక్కని గుచ్చగానే అప్పటి నిరోధాన్ని సున్నాగా పెట్టుకుంటుంది. తర్వాత పెరిగితే కుడికి, తగ్గితే ఎడమకి.

ఒక్కో ముక్కకీ సరిపోయే రెసిస్టరు వరసలో పెట్టాను: రాగి చుట్టకి 47 ఓములు, జెర్మేనియానికి 470 కిలో ఓములు. రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే మార్పు బాగా తెలుస్తుంది. బోర్డు వోల్టేజిని 1,024 మెట్లుగా విడగొట్టి చదువుతుంది (10 బిట్ల కొలత), అందులో ఒక మెట్టు అంటే నిరోధంలో సుమారు 0.4 శాతం మార్పు, అంటే రాగికి డిగ్రీకి ఒక మెట్టు. 64 రీడింగుల సగటు తీస్తే ముల్లు వణకదు.

ఈ బోర్డుతో ఇలాంటిది చేయాలనుకునేవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని. 470 కిలో ఓముల వైపు నుంచి నేరుగా చదివితే కొలత తప్పుతుంది, ఆర్డ్యూనో పిన్ను 10 కిలో ఓముల లోపు మూలాన్ని కోరుకుంటుంది. పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే చాలు, మన మార్పు నెమ్మదిదే కాబట్టి. రాగి చుట్టకి ఎప్పుడూ కరెంటు వదిలితే అదే వేడెక్కుతుంది, కొలిచే క్షణంలోనే ఇవ్వాలి. సర్వోకి వేరే సప్లై పెట్టాలి, లేకపోతే ముల్లు కదిలినప్పుడల్లా 5 వోల్టులు ఊగి రీడింగునీ ఊపుతాయి.

పెన్సిలు ములుకు నిరోధం కొన్ని ఓములే. దానికి బోర్డులోని 1.1 వోల్టుల కొలమానం వాడాను. వేడి చేస్తే ముల్లు ఎడమకే వచ్చింది, కానీ కొద్దిగా. ఇది ముఖ్యం. గ్రాఫైట్ కరెంటుని పోనిస్తుంది, అయినా లోహంలాగా కాదు. దానిలో తిరిగే ఎలక్ట్రాన్లు తక్కువ, వేడి చేస్తే వాటి సంఖ్య పెరుగుతుంది. మా మేనకోడలు ఆ ముల్లునే చూస్తూ, "అయితే పుస్తకం ఊరికే అనలేదన్నమాట" అంది. ఈసారి ఆ మాటకి ఆధారం ఆ పిల్ల చేతిలోనే ఉంది.

ఆక్సైడ్ల పూట

మా పై అంతస్తులో ఉండే కెమిస్ట్రీ మాస్టారు పెట్టె చూసి, "కరెంటు ఒక్కటే చూపిస్తే ఎట్లాగండీ, కెమిస్ట్రీ ఏదీ?" అన్నారు. న్యాయమైన మాట. ఆ భాగం ఆయనే టెర్రస్ మీద చేయించారు. మందార పూలని వేడినీళ్లలో నానబెట్టి రసం తీశారు. మెగ్నీషియం రిబ్బను కాల్చి (ఆ వెలుగుని నేరుగా చూడకూడదు) ఆ తెల్లటి బూడిదని రసంలో కలిపితే ఆకుపచ్చకి తిరిగింది: లోహం ఆక్సైడు క్షారం. సీసాలో చిటికెడు గంధకం కాల్చి, ఆ పొగని మూత పెట్టి నీళ్లలో కలిపి రసం పోస్తే ముదురు ఎరుపు: అలోహం ఆక్సైడు ఆమ్లం. ఆ పొగ ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం, గాలివాటు చూసుకుని పిల్లలను దూరంగా నిలబెట్టాం. సిలికాన్ ఆక్సైడు అంటే ఇసుకే. నీళ్లలో కరగదు, రసం రంగు మారలేదు. కానీ వేడి కాస్టిక్ సోడాలో కరుగుతుంది కాబట్టి బలహీనమైన ఆమ్ల స్వభావమే దానిదని మాస్టారు చెప్పారు. జెర్మేనియం, ఆంటిమొని ఆక్సైడ్లు ఆమ్లంతోనూ, క్షారంతోనూ చర్య జరుపుతాయి. అల్యూమినియం ఆక్సైడుదీ అదే తీరు, అది లోహమైనా సరే.

గాలియం

కొద్దిగా తెప్పించాను. 29.76 డిగ్రీలకు కరుగుతుంది. బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ రోజులు డబ్బాలో గట్టిగానే ఉంటుంది, అరచేతిలో పెడితే కరుగుతుంది. చెన్నైలో మా తమ్ముడి ఇంట్లో అయితే ఎండాకాలమంతా నీళ్లలాగే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచాలి. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి గాజుని పగలగొట్టగలదు, అల్యూమినియానికి తగిలితే దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. పిల్లలు దీన్నే ఎక్కువగా అడుగుతారని తెలుసు, అందుకే దీన్ని చివర్లో తీస్తాను.

లాల్‌బాగ్ బండ

పిల్లల్ని తీసుకుని పొద్దున్నే లాల్‌బాగ్ వెళ్లాం. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దాని మీద కూర్చోబెట్టి చెప్పాను: భూమి పైపొర బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజన్, 28 శాతం సిలికాన్, 8 శాతం అల్యూమినియం, 5 శాతం ఇనుము. మొదటిది అలోహం, రెండోది అర్ధలోహం, తర్వాతే లోహాలు. మూలకాల జాబితాలో మూడొంతులకు పైగా లోహాలే అయినా, కాళ్ల కింద నేలలో ఎక్కువ వాటా వేరేవాళ్లది. ఈ సంగతి ఇంటికెళ్లి అమ్మకి చెబుతానంది ఒక చిన్నది.

జూన్, తరగతిలో

పెట్టె తెరిచాం. బడులు తెరిచినా వచ్చేవాళ్లు తగ్గలేదు. వైండింగు షాపు అతని అబ్బాయి కూడా వచ్చాడు, రాగి చుట్ట వాడే గుచ్చాడు. వేడినీళ్ల గ్లాసులో దించగానే ముల్లు కుడికి నడిచింది. జెర్మేనియం నాళికని ఇంకో పిల్ల గుప్పిట్లో పట్టుకుంటే ముల్లు ఎడమ చివరిదాకా పోయింది. గంధకానికి కదలనే లేదు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఒక అబ్బాయి అడిగాడు: "అంకుల్, అర్ధలోహాలన్నీ ఎడమకే తిరుగుతాయా?"

తిరగవు. ఆంటిమొని, ఆర్సెనిక్ నిరోధం వేడికి లోహాల్లాగే పెరుగుతుంది. విరిస్తే పెళుసు, ఆక్సైడు రెండు వైపులా మొగ్గేది, కరెంటు దగ్గర మాత్రం లోహం తీరు. తగరం ఇంకా విచిత్రం. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తెల్లటి తగరం మంచి లోహం. అదే శుద్ధమైన తగరాన్ని 13 డిగ్రీల కన్నా చల్లగా చాలాకాలం ఉంచితే, పరమాణువుల అమరిక మారి సిలికాన్, వజ్రాల అమరికలోకి వెళ్లి, బూడిదరంగు పొడిగా రాలిపోగలదు. ఆ పొడికి లోహ లక్షణాలు పోతాయి. మూలకం అదే, అమరిక వేరు. కార్బన్‌కి వజ్రం, గ్రాఫైట్ ఉన్నట్టే.

ఆ ప్రశ్న విన్నాక పెట్టెలో ఒక మార్పు చేస్తున్నాను. ముందు 'లోహాలు', 'అర్ధలోహాలు', 'అలోహాలు' అని మూడు అరలు కట్టాలనుకున్నాను, ఇప్పుడు అడ్డుగోడలు తీసేస్తున్నాను. ఒకే పొడవాటి అర, ప్రతి ముక్క కింద నాలుగు గుర్తులు: వంగిందా పగిలిందా, ముల్లు ఎటు తిరిగింది, ఎంత దూరం తిరిగింది, మందార రసం ఏ రంగయింది. గుంపు పేరు రాసే చోటు ఖాళీగా ఉంటుంది, చాక్‌పీసుతో పిల్లలే రాసి చెరుపుకుంటారు. వచ్చే నెల పనులు: బిస్మత్ ముక్క తెప్పించాలి, అది కుడికి తిరుగుతుందో లేదో వాళ్లనే ముందుగా ఊహించి రాయమనాలి. టంగ్‌స్టన్ బల్బుకి పక్కనే పెట్టడానికి కార్బన్ తంతువు బల్బు ఎస్పీ రోడ్డులో అడిగి ఉంచాను. సర్వో స్క్రూ వదులైంది, బిగించాలి.